సత్యోపదేశం పీరియడ్

మన స్కూలు గురించి నలుగురం కలిస్తే స్పోర్ట్స్ డే, హాస్టల్ సాంబారు, పదో తరగతి రిజల్ట్స్ అన్నీ మాటల్లోకి వస్తాయి. కాథలిక్ పిల్లలకి మతబోధ జరిగే సత్యోపదేశం పీరియడ్ మాత్రం ఎవరికీ గుర్తు రాదు. మార్కుల లిస్టులో దానికి చోటు లేదు కాబట్టి కావచ్చు. నాకైతే గుంటూరులో చదివిన చదువంతటిలో ఇప్పటికీ పనికొస్తున్నది అదే.

ఉదయం ప్రార్థన అయ్యాక కాథలిక్ పిల్లలం ఒక గదిలోకి, హిందూ, ముస్లిం స్నేహితులు మోరల్ సైన్స్‌కి మరో గదిలోకి వెళ్లేవాళ్లం. తల్లిదండ్రుల సమ్మతి లేకుండా ఏ పిల్లనీ మతబోధలో కూర్చోబెట్టకూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతోందని సిస్టరే మొదటి రోజు చెప్పారు. మతం క్లాసు రాజ్యాంగంతో మొదలవడం నాకు కొత్తగా అనిపించింది. ప్రొటెస్టెంటు శాఖలైన లూథరన్, బాప్టిస్టు సంఘాల పిల్లలు ఇంట్లో ఒప్పుకుంటే మాతో కూర్చునేవాళ్లు. ఆ క్లాసుకి ప్రాణం వాళ్లే.

ఊళ్లనుంచి వచ్చిన మాకు నోటికి రాని జపం లేదు. పరలోక జపం, మంగళవార్త జపం, త్రిత్వ స్తోత్రం, సిలువ మార్గంలో పద్నాలుగు స్థలాలు... ఊళ్లో మతపాఠాలు చెప్పే ఉపదేశిగారు చిన్నప్పుడే వల్లె వేయించి పంపారు. తప్పు పోకుండా చెబితే భక్తి ఉన్నట్టే లెక్క. ఎనిమిదో తరగతిలో మాకు వచ్చిన సిస్టర్ ఆ లెక్క ఒప్పుకోలేదు. అప్పజెప్పించుకోవడం మానేసి బైబిలు తెరిపించారు.

పది ఆజ్ఞల రోజు బాగా గుర్తు. "దొంగిలించకూడదు" ఏడో ఆజ్ఞ అని మేమంతా ఒకే గొంతుతో అన్నాం. ఒంగోలు వైపు నుంచి వచ్చిన బాప్టిస్టు అమ్మాయి లేచి, "కాదు సిస్టర్, ఎనిమిదోది" అంది. మేం నవ్వాం. సిస్టర్ నవ్వలేదు. నిర్గమకాండం ఇరవయ్యో అధ్యాయం తీసి వేలు పెట్టి లెక్కపెట్టమన్నారు. తీరా చూస్తే అక్కడ ఆజ్ఞలకి నంబర్లే లేవు! విగ్రహాలు చేసుకోవద్దన్న మాటని బాప్టిస్టులు విడిగా రెండో ఆజ్ఞగా లెక్కేస్తారు. మనం, అంటే కాథలిక్కులం, దాన్ని మొదటి దాంట్లోనే కలిపి, చివర్లో ఉన్న ఆశించవద్దన్న మాటని రెండుగా చేస్తాం. ఈ పద్ధతి పునీత అగస్టీను నుంచి వచ్చిందట. లూథరన్లు కాథలిక్ సభ నుంచి విడిపోయినా లెక్క మాత్రం మనదే ఉంచుకున్నారు. ఆ మాట వినగానే గుంటూరు లూథరన్ పిల్లల మొహాలు వెలిగిపోయాయి. ఆ అమ్మాయి తప్పూ కాదు, మేమూ తప్పు కాదు. పుస్తకం తెరవకుండా నవ్వడమే తప్పని మాకు ఎవరూ విడిగా చెప్పక్కర్లేకపోయింది.

ఇంకోసారి ఎవరో, "మోరల్ సైన్స్‌కి వెళ్లే మా ఫ్రెండ్ నరకానికి పోతుందా సిస్టర్?" అని అడిగారు. కాథలిక్ బిషప్పులంతా కలిసిన రెండో వాటికన్ మహాసభ 1965 అక్టోబరు 28న ఇతర మతాల గురించి చేసిన ప్రకటనలో హిందూమతం పేరెత్తి మరీ గౌరవంగా రాశారనీ, ఆ మతాల్లో సత్యమైనది, పవిత్రమైనది దేన్నీ శ్రీసభ, అంటే కాథలిక్ సంఘం, తోసిపుచ్చదనీ సిస్టర్ చెప్పారు. క్లాసు అవగానే ఆ అమ్మాయి పరిగెత్తుకెళ్లి ఫ్రెండ్‌కి ఆ సంగతి చెప్పింది.

కానీ నేను రాయాలనుకున్నది బైబిల్లోని యాకోబు లేఖ చదివిన రోజు గురించి.

రెండో అధ్యాయం చదువుతున్నాం. బంగారు ఉంగరం పెట్టుకుని ఒకాయన సమావేశానికి వస్తాడు, మాసిన బట్టలతో ఒక పేదవాడూ వస్తాడు. మొదటివాడికి మంచి చోటు చూపించి, రెండోవాడిని అక్కడ నిలబడు, లేదా నా కాళ్ల దగ్గర కూర్చో అంటే మీరు పక్షపాతం చూపినట్టు కాదా అని యాకోబు నిలదీస్తాడు. చదవడం అయింది. వెనక బెంచీలోంచి హాస్టల్ అమ్మాయి, ఎప్పుడూ నోరు విప్పని మనిషి, లేచింది. "సిస్టర్, మా ఊరి గుడిలో ముందు వైపు రెడ్లు కూర్చుంటారు, మేం వెనక కూర్చుంటాం. సమాధులు కూడా వేరే. మా నాన్న సర్టిఫికెట్ కోసం ఆఫీసుకి పోతే మీరు క్రైస్తవులు, ఎస్సీ రాదు, బీసీ-సీ ఇస్తామన్నారు. మరి గుడిలో మాకు కులం ఎందుకుంది?"

ఎవరూ కదల్లేదు. మా ఊళ్లో మా ఇంటివాళ్లు కూర్చునేది ముందు వైపే. ఆ రోజు దాకా అది కూడా ఒక ఏర్పాటేనని నాకు తట్టనే లేదు.

సిస్టర్ దాటేసి ఉండొచ్చు. టాపిక్ మార్చడం, బెల్ కోసం చూడటం టీచర్లకి తెలియనివి కావు. ఆవిడ బైబిలు బల్ల మీద పెట్టి, "అక్కడ జరిగేది తప్పమ్మా. నువ్వు అడిగింది సరైన ప్రశ్న. ఇది నా మాట కాదు, ఇందులో రాసి ఉంది" అన్నారు. తర్వాత గలతీయుల లేఖ మూడో అధ్యాయం తీయమన్నారు. యూదుడని, గ్రీకువాడని, బానిస అని, స్వతంత్రుడని తేడా లేదన్న వాక్యాన్ని ఆ అమ్మాయి చేతే చదివించారు. ముందు గొంతు వణికింది. రెండోసారి చదవమంటే గట్టిగా చదివింది. ఆ తర్వాత ఎస్సీ హోదా ఏ మతాల వాళ్లకో చెప్పిన 1950 రాష్ట్రపతి ఉత్తర్వు గురించి, ఎస్సీ హోదా సిక్కులకి 1956లో, బౌద్ధులకి 1990లో వచ్చి దళిత క్రైస్తవులకి ఎందుకు రాలేదన్న వాదన గురించి బెల్ కొట్టేదాకా చెప్పారు. సత్యోపదేశం, సివిక్స్ ఆ గంటలో ఒకటైపోయాయి.

ఆ సెలవుల్లో ఇంటికెళ్లి నాన్నని అదే ప్రశ్న అడిగాను. "పెద్దవాళ్ల కాలం నుంచి ఉంది" అన్నారు. యాకోబు లేఖ తెచ్చి చదివి వినిపించాను. ఆయనకి కోపం వచ్చింది, కానీ నన్ను ఆపలేదు. మరుసటి ఆదివారం నేను వెనక కూర్చున్నాను. మా గుడిలో వరసలు కలవడానికి ఆ తర్వాత చాలా ఏళ్లు పట్టింది. ఇప్పుడు ఎవరు ఎక్కడ కూర్చున్నా అడిగేవాళ్లు లేరు. శ్మశానం గోడ మాత్రం ఇంకా ఉంది.

2022 ఆగస్టు 27న హైదరాబాద్ అగ్రపీఠాధిపతి (ఆర్చిబిషప్) పూల ఆంథోనిగారికి పోప్ ఫ్రాన్సిస్ కార్డినల్ టోపీ పెట్టినప్పుడు మన బ్యాచ్ వాట్సాప్ గ్రూపు రాత్రంతా మోగుతూనే ఉంది. తెలుగువాళ్లలో మొదటి కార్డినల్, దళితుల్లోంచి మొదటి కార్డినల్. హాస్టల్ అమ్మాయి ఇప్పుడు గవర్నమెంటు స్కూల్లో సోషల్ టీచరు. "సిస్టర్ ఉంటే ఇవాళ ఎంత సంబరపడేదో. శ్మశానం సంగతి కూడా తేలాలి" అని పెట్టింది. ఆ మెసేజ్‌కి అందరికంటే ముందు దండం పెట్టింది ఒంగోలు అమ్మాయి.

ఈ సంచిక చదివే యాజమాన్యానికి ఒక్క మనవి. పదో తరగతిలో సత్యోపదేశం పీరియడ్‌ని లెక్కలకి, సైన్సుకి ఇచ్చేస్తున్నారని విన్నాను. బోర్డు పరీక్షల టెన్షన్ నాకూ తెలుసు, నా పిల్లలూ రాశారు. అయినా వారానికి ఒక్క పీరియడ్ అయినా ఉంచండి. అందులో అప్పజెప్పించుకోకండి, పిల్లలని అడగనివ్వండి. పాఠం చెప్పడానికి మనిషి కావాలంటే మా బ్యాచ్‌లో కనీసం ఇద్దరం రావడానికి సిద్ధంగా ఉన్నాం.