వచ్చే జూలై కోసం ఒక పేజీ

2025 నవంబరు 9, ఆదివారం, నల్లగొండ

ఉదయం ఆరు గంటలకు సైకిల్ తీసుకొని పానగల్లు వైపు వెళ్లాను. రోడ్డుకు ఒక పక్కంతా వడ్లు ఆరబోసి ఉన్నాయి. మొంథా తుపాను దాటిపోయి పది రోజులైనా గింజలో తేమ 17 శాతానికి దిగడం లేదని, కుప్పల మీద టార్పాలిన్లు కప్పుకొని కావలి ఉన్న రైతులు చెప్పారు. వడ్లు తొక్కకుండా మిగిలిన సగం రోడ్డు మీద జాగ్రత్తగా పోయి, ఉదయసముద్రం దగ్గరికి చేరేసరికి నీళ్ల మీది నుంచి ఎదురుగాలి మొదలైంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో సమతల రోడ్డు మీద సైకిల్ తొక్కేవాడి బలంలో ఎక్కువ భాగం గాలిని చీల్చడానికే ఖర్చయిపోతుంది. అందుకే సైకిల్ పందెంలో అందరూ ఒకరి వెనుక ఒకరు చాటు తీసుకుంటారు. కొండ ఎక్కేటప్పుడు వేగం 20కి పడిపోతే ఆ చాటుకు అంత విలువ ఉండదు, ఎవరి కాళ్లు వారివే. నా వేగం అక్కడా ఇక్కడా ఒకటే కాబట్టి ఈ సూత్రం నాకు వర్తించదు.

మా అక్క కొడుకు నిన్న రాత్రి హైదరాబాదు నుంచి వచ్చాడు. జూలైలో మూడు వారాలు జరిగే పెద్ద సైకిల్ పందెం టూర్ ద ఫ్రాన్స్ మార్గాన్ని ముందు ఏడాది అక్టోబరులో ప్రకటిస్తారు. ఆ తరువాత వాడు ఇంటికి వచ్చిన మొదటి ఆదివారం మేమిద్దరం ఒక నోటుబుక్కులో మొదటి మూడు స్థానాలకు పేర్లు రాసి, ఏ రోజు పందెం తేలిపోతుందో కూడా రాసి, కింద సంతకాలు చేయడం 2021 నుంచి అలవాటు. టిఫిన్ కాగానే వాడు పుస్తకం ముందు పెట్టి, "మామా, ఈసారి మొదటి పేరు గురించి ఆలోచించుడు దండుగ" అన్నాడు.

అది నిజమే. స్లొవేనియావాడైన తదేయ్ పొగాచార్ ఈ టూర్‌ను 2020, 2021, 2024, 2025 సంవత్సరాల్లో గెలిచాడు. ఇంకొక్కసారి గెలిస్తే ఆంకెతీల్, మెర్క్స్, ఈనో, ఇందురాయిన్‌ల సరసన ఐదు విజయాలవాడు అవుతాడు. వయసు ఇంకా 27. అయినా మా పుస్తకంలోని మొదటి పేజీ తెరిస్తే ఆ ధీమా కొంత సడలుతుంది, ఎందుకంటే 2022కు మేమిద్దరం అతని పేరే రాసి ఇద్దరమూ ఓడిపోయాం. ఆ ఏడాది జూలై 13న గాలిబియే కనుమ మీద ఒకే జట్టువాళ్లైన యోనాస్ వింగెగార్డ్, ప్రిమోజ్ రోగ్లిచ్ వంతులవారీగా దాడి చేసి అతణ్ని అలసటకు గురిచేశారు. చివరి కొండ గ్రానోన్ మీద వింగెగార్డ్ విడిపోయినప్పుడు పొగాచార్ దగ్గర జవాబు లేకపోయింది. ఒక్క కొండ మీద దాదాపు మూడు నిమిషాలు పోగొట్టుకున్నాడు. నేను అప్పటి నుంచి ఎవరు గెలుస్తారన్న ప్రశ్నకన్నా, ఎవరు ఏ రోజున, ఏ కారణం చేత కూలబడతారన్న ప్రశ్ననే ముందు వేసుకుంటున్నాను. మూడు వారాల పందెంలో రోజుకొకటి చొప్పున 21 దశలు ఉంటాయి, అన్నిటి సమయమూ కలిపి తక్కువ తీసుకున్నవాడే విజేత. వాటిలో ఒకే ఒక్క చెడ్డ రోజు మిగతా ఇరవై మంచి రోజులనూ తుడిచిపెట్టేయగలదు.

ఈ ఏడాది మే నెలలో, ఇటలీలో జరిగే ఇలాంటి మూడు వారాల పందెం జిరో ద ఇటాలియా కూడా ఇదే చూపించింది. చివరికి ముందు రోజున ఇసాక్ దెల్ తోరో మొదటి స్థానంలో ఉన్నాడు, 43 సెకన్ల వెనుక రిచర్డ్ కరాపాస్, ఇంకొంచెం వెనుక సైమన్ యేట్స్. పై భాగమంతా కంకర దారి అయిన ఫినెస్ట్రే కనుమ మీద యేట్స్ విడిపోయి ముందుకు పోతుంటే, దెల్ తోరో, కరాపాస్ ఇద్దరూ ముందు నువ్వు తరుము అంటే నువ్వు తరుము అన్నట్టు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటూ ఉండిపోయారు. పిట్ట పోరు పిట్ట పోరు పిల్లి తీర్చిందన్నట్టు, జిరో యేట్స్ చేతికి వచ్చింది. 2018లో, మొదటి స్థానంలోని వాడు తొడుక్కునే గులాబీ జెర్సీతో ఉన్న అతను ఇదే కనుమ మీద చితికిపోయి, ఆ రోజు అరగంటకు పైగా వెనుకబడ్డాడు. కాళ్ల బలాన్ని లెక్క కట్టవచ్చు గాని, ఇద్దరు మనుషుల మధ్య పంతాన్ని ముందుగా ఏ లెక్కతో కట్టాలి?

అయితే నేను రాసుకోవలసిన అసలు తప్పు వేరే ఉంది. నేను పశువైద్య శాఖలో పనిచేస్తాను. 2022లో లంపీ స్కిన్ వ్యాధి వచ్చినప్పుడు ఊరూరా తిరిగి ఆవులకు, ఎద్దులకు మేకల మశూచి టీకా వేసిన వాళ్లలో నేనూ ఒకడిని. జోరీగలు, దోమలు, గోమార్లు ఆ రోగాన్ని ఎలా మోసుకుపోతాయో రైతులకు చెప్పి చెప్పి గొంతు పోయింది. మొన్నటి టూర్‌కు, పందేన్ని తారుమారు చేయగలవాటిని రాసే పరిస్థితుల గడిలో నేను వడగాలి, వడగళ్లు, అడ్డగాలి, కొండచరియలు అన్నీ రాశాను. జూలై 25న ఆల్బర్ట్‌విల్ నుంచి లా ప్లాన్యే వరకు జరగవలసిన దశను సుమారు 130 కిలోమీటర్ల నుంచి 95కు తగ్గించి, సేజీ కనుమను దారి నుంచే తీసేశారు. కారణం ఆ కనుమ మీది పశువుల్లో లంపీ స్కిన్ బయటపడటం. మా అల్లుడు ఆ రోజు ఫోన్ చేసి ఎంతసేపు నవ్వాడో చెప్పలేను. ప్రపంచంలో ఈ ఒక్క అడ్డంకిని ఊహించగలిగిన సైకిల్ అభిమాని ఎవరైనా ఉంటే అది నేనే కావాలి, నాకే తట్టలేదు. మందలోని పశువులన్నిటినీ చంపుకోవలసి వచ్చిన ఆ రైతుల సంగతి తలచుకుంటే మాత్రం ఆ నవ్వులో నేను కలవలేకపోయాను.

ఇక 2026 మార్గం. జూలై 4న బార్సెలోనాలో జట్టంతా కలిసి గడియారంతో పోటీపడే దశతో మొదలవుతుంది. టూర్ ఇలా మొదలవడం 1971 తరువాత ఇదే మొదటిసారి. ఆఖరి వారంలో ఎవియాఁ నుంచి తోనోఁ వరకు 26 కిలోమీటర్ల ఒంటరి టైమ్ ట్రయల్, అంటే ఒక్కొక్కరే గడియారంతో పోటీపడే దశ, ఉంది. ఆ తరువాత 19, 20 దశలు రెండూ 21 మలుపుల పేరు మోసిన ఆల్ప్ డ్యుయెజ్ మీదే ముగుస్తాయి. ఇరవయ్యో రోజు దానికన్నా ముందు క్రోయ్ ద ఫెర్, 2,642 మీటర్ల గాలిబియే కనుమలు దాటి, వెనుక వైపున్న సారెన్ కనుమ మీదుగా పైకి చేరాలి. శ్రీశైలం వెళ్లేటప్పుడు మన్ననూరు దాటాక నల్లమల ఘాట్‌లో బస్సు మూలుగుతూ ఎక్కడం చూసినవాళ్లు, అలాంటి ఎక్కుడు గంటల తరబడి, అదీ మూడో వారం చివర్లో, కాళ్లతో తొక్కడం ఎలా ఉంటుందో కొంత ఊహించుకోవచ్చు.

వరుసగా రెండు రోజులు ఒకే కొండ అన్నప్పుడు మొదటి రోజున ఎవరూ పూర్తి బలం ఖర్చు పెట్టరని అల్లుడి వాదన. నా ఆలోచన దానికి భిన్నం. వెనుకబడినవాడు ఇరవయ్యో దశ కోసం ఎదురుచూస్తూ కూర్చుంటే, అప్పటికే తేడా నాలుగు నిమిషాలు ఉంటుంది. మొన్నటి టూర్‌లో ఓటకామ్ కొండ మీద పొగాచార్ ఒక్క ఎక్కుడులోనే వింగెగార్డ్ కన్నా రెండు నిమిషాలకు పైగా ముందుకు పోయాడు, అదీ ముందు రోజు కింద పడ్డాక. అతణ్ని గెలవాలంటే 2022లో లాగా ఎండ, ఎత్తు, అనేక కనుమలు, జట్టులో ఇద్దరు బలవంతులు అన్నీ ఒకే రోజున కలిసి రావాలి. ఎండ సంగతి మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. వైశాఖంలో నల్లగొండ బస్టాండులో నిలబడినవాళ్లకు ఫ్రాన్స్ ఎండ ఒక లెక్క కాదనిపిస్తుంది. కాని ఐదు గంటలు తొక్కుతూ, గంటకు 100 గ్రాములకు పైగా పిండిపదార్థం కడుపులోకి పంపుతూ, మెడ వెనుక మంచు ముక్కలు నింపిన మేజోడు పెట్టుకొని పోయే శరీరానికి 38 డిగ్రీలు చాలా ఎక్కువ.

మూడో స్థానం దగ్గర ఇద్దరమూ ఎక్కువసేపు ఆగాం. 2025కు నేను రెమ్కో ఎవెనెపూల్ పేరు రాశాను. అతను 14వ దశలో తప్పుకున్నాడు, ఆ స్థానం ఫ్లోరియన్ లిపోవిట్జ్‌కు దక్కింది. వచ్చే ఏడాది నుంచి ఇద్దరూ ఒకే జట్టు. గడియారంతో పోటీలో ఎవెనెపూల్‌కు సాటి లేదు. సెప్టెంబరులో కిగాలీలో జరిగిన ప్రపంచ చాంపియన్‌షిప్ పోటీలో తనకన్నా ముందు బయలుదేరిన పొగాచార్‌ను దారిలోనే దాటేశాడు. బార్సెలోనాలోనూ తోనోఁ దారిలోనూ అతను సంపాదించే సెకన్లు నిజమైనవే, గాలిబియే మీద పోయేవి మాత్రం నిమిషాలు.

నేను రాసింది: పొగాచార్, వింగెగార్డ్, లిపోవిట్జ్, పందెం తేలే రోజు 19వ దశ. పరిస్థితుల గడిలో వడగాలి, పారిస్‌లో మోమార్త్ర్ గుట్ట మీద వాన, పశురోగం. "రోగం ఏటా వస్తదా మామా" అని అల్లుడు అడ్డం తగిలాడు గాని కొట్టివేయలేదు. వాడు మూడో స్థానంలో ఎవెనెపూల్ పేరును పెన్సిల్‌తో రాయబోతుంటే, నా జేబులోని పెన్ను తీసి ఇచ్చాను.