సంతకం లేని సమ్మతి

మంగళవారం, రాత్రి

ఉదయం నా గైడ్ మేడమ్ గదిలో నా పరిశోధన ప్రతిపాదన మీద సుదీర్ఘంగా చర్చ జరిగింది. సిద్ధాంతం గురించి మాట్లాడుకున్నది తక్కువ. సమయమంతా ఎథిక్స్ కమిటీకి (పరిశోధన వల్ల ఎవరికీ హాని జరగకుండా చూసే సంఘం) పంపవలసిన సమ్మతిపత్రానికే, అంటే పరిశోధనలో పాల్గొనేవాళ్లు ఒప్పుకుంటూ సంతకం చేసే కాగితానికే సరిపోయింది. ఆంత్రొపాలజీ (మానవశాస్త్రం)లో పీహెచ్‌డీ అంటే అడవులూ కొండలూ తిరగడమేనని మా ఇంట్లో వాళ్లు ఇప్పటికీ నమ్ముతారు కానీ, కోర్సువర్క్ ముగిసిన ఈ దశలో నేను తిరుగుతున్నవన్నీ ఆఫీసు గదులే.

నేను ఎంచుకున్న విషయం ఇంటి చిట్టీలు. హైదరాబాద్‌లోని ఒక బస్తీలో (పేరు డైరీలో కూడా రాయడం లేదు) ఆడవాళ్లు తమలో తాము నడుపుకునే చిట్టీ పాటకు మొన్న ఆదివారం వెళ్లి కూర్చున్నాను. లక్ష రూపాయల చిట్టీ, ఇరవై మంది సభ్యులు, నెలకు తలా ఐదు వేలు. పాట (చిట్టీ సొమ్ములో వదులుకునే మొత్తం) పది వేల దగ్గర మొదలై పద్దెనిమిది వేల దగ్గర నిలిచింది, అంటే పాడుకున్న ఆమె చేతికి వచ్చేది 82,000. ఆ పద్దెనిమిది వేలలో నిర్వాహకురాలి కమీషన్ 5,000 పోగా మిగిలిన 13,000 ఇరవై మందికీ పంచితే తలా 650 వస్తుంది కనుక, ఈ నెల ఒక్కొక్కరు కట్టవలసింది 4,350. ఈ లెక్కను వాళ్లు కాగితం ముట్టకుండా నోటితోనే తేల్చేశారు. నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది మాత్రం మరొకటి: ఆటో వాయిదా కోసం ఈసారి చిట్టీ ఎలాగైనా ఎత్తాలని ముందే చెప్పిన ఒకామె, ఎదుటి మనిషి ఆసుపత్రి ఖర్చు కోసం పాడుతున్నదని తెలిసిన క్షణం నుంచి నోరు మెదపలేదు. అమెరికన్ మానవశాస్త్రవేత్త క్లిఫర్డ్ గీర్ట్జ్ 1962లో రాసిన వ్యాసంలో ఇలాంటి పొదుపు సంఘాలను పల్లె ఆర్థికానికీ వ్యాపార ఆర్థికానికీ నడుమ ఒక మెట్టుగా చూశాడు. బ్యాంకులు వచ్చాక వీటి పని తీరిపోతుందన్నది ఆయన అంచనా. నేను కూర్చున్న ఇంటికి నాలుగు అడుగుల దూరంలోనే బ్యాంకు ఉంది, చిట్టీ డబ్బులో సగం ఫోన్లలోనే చేతులు మారింది, అయినా పాట ఆగలేదు.

చిక్కల్లా 1982 నాటి చిట్ ఫండ్స్ చట్టంతో వచ్చింది. ప్రభుత్వ అనుమతి, రిజిస్ట్రేషన్ లేకుండా చిట్టీ నడపడం ఆ చట్టం కింద నేరం కాబట్టి, నా పత్రం మీద ఆ ఆడవాళ్లు పెట్టే ప్రతి సంతకమూ వాళ్ల మీదే సాక్ష్యమవుతుంది. పత్రం చూపించగానే నిర్వాహకురాలు, "మాట్లాడమంటే పొద్దుగూకే దాకా మాట్లాడత బిడ్డా, గీ సంతకం ఎందుకు? రేపు ఎవ్వరికి చూపిస్తవ్?" అని అడిగింది. ఇంతకంటే గట్టి అభ్యంతరం ఏ సెమినార్‌లోనూ నేను వినలేదు.

మేడమ్ వాదనలోనూ పస ఉంది. అమెరికాలోని టస్కెగీలో 1932 నుంచి 1972 వరకు నల్లజాతి పురుషులకు సిఫిలిస్ చికిత్స అందకుండా చేసి వ్యాధి ముదిరే తీరును గమనించారు. అలాంటి ఘోరాలు బయటపడ్డాకే ఈ నియమాలు బిగిశాయి, వాటిని విసుక్కునే హక్కు మనకు లేదన్నారు. నిజమే. అయితే వైద్య ప్రయోగంలో రోగిని కాపాడే కాగితం ఇక్కడ ఎవరిని కాపాడుతుందని అడిగాను. అమెరికన్ ఆంత్రొపలాజికల్ అసోసియేషన్ 1998 నియమావళి కూడా సమ్మతికి సంతకం తప్పనిసరి కాదని, దాని రూపం కంటే నాణ్యతే ముఖ్యమని చెప్పింది. మేడమ్ కాసేపు ఆలోచించి, అదే మాటను కమిటీకి అర్థమయ్యేలా రాసుకు రమ్మన్నారు.

మధ్యాహ్నం లైబ్రరీలో మానవశాస్త్రవేత్త ఎస్.సి. దూబే 1955లో ప్రచురించిన 'ఇండియన్ విలేజ్' తిరగేశాను. ఆయన మన శామీర్‌పేటను ఆ పేరుతోనే రాశారు. ఇలాగే ఒక ఊరిని అధ్యయనం చేసిన ఎం.ఎన్. శ్రీనివాస్ మాత్రం మైసూరు దగ్గరి కొడగహళ్లికి రాంపుర అని పేరు మార్చారు. ఊరి పేరు దాచినంత మాత్రాన ఊరివాళ్లకు తామెవరో తెలియకపోదు కానీ, బయటి అధికారి నుంచి కొంత రక్షణ దొరుకుతుంది కనుక నా పని వరకు నేను శ్రీనివాస్ పక్షమే. 1970లో అమెరికాలోని స్టాన్‌ఫోర్డ్‌లో ఆయన పనిచేస్తున్న భవనానికి ఎవరో నిప్పంటించడంతో ఏళ్ల తరబడి విశ్లేషించుకున్న నోట్స్ కాలిపోతే, జ్ఞాపకం మీద ఆధారపడి రాసిన పుస్తకం 1976లో వచ్చింది. ఈ కథ వినని ఆంత్రొపాలజీ విద్యార్థి ఉండడు, విన్న వెంటనే వెళ్లి నోట్స్‌కు రెండో ప్రతి తీసుకోని వాడూ ఉండడు.

సాయంత్రం మెస్‌లో తిని వచ్చి కొత్త ముసాయిదా మొదలుపెట్టాను. సమ్మతిని తెలుగులో చదివి వినిపించి, వాళ్లలోనే ఒకరిని సాక్షిగా కూర్చోబెట్టి, నోటిమాటగా తీసుకుంటాను. నోట్స్‌లో మారుపేర్లే ఉంటాయి. పాట సొమ్ము ఎవరు ఎత్తారో తెలిపే జాబితా అసలు తయారు చేయను. చివరిది రాసేటప్పుడు మనసు పీకింది, ఎందుకంటే ఎవరు ఎవరి కోసం తగ్గారన్నదే నా పరిశోధనకు ప్రాణం, ఆ జాబితా లేకుండా దాన్ని నెలల తరబడి వెంబడించడం కష్టం. అయినా ఉంచాను. శుక్రవారంలోగా ఇదంతా రెండు పేజీలకు కుదించాలి. ఫారంలో రక్త నమూనాల గడి ఒకటి కనిపిస్తే "వర్తించదు" అని నింపి పడుకోబోతున్నాను.