అగ్గిపుల్ల మెడ

"అది పార్టుల కోసం పెట్టింది మేడమ్, దాన్నేం చేసుకుంటారు?"

పొద్దున షికాగో పక్కన షాంబర్గ్‌లో, పాత సిపాయి బొమ్మలు అమ్మే ఒకాయన విరిగిన బొమ్మ నా చేతిలో చూసి అన్న మాట. అందులో తిట్టు లేదు, వెటకారమూ లేదు. మర్యాదగానే అన్నాడు పాపం. కానీ రాత్రి పదకొండు దాటినా నా బుర్రలోంచి దిగట్లేదు. మా ఆయనతో అంటే "కరెక్టేగా" అని అటు తిరిగి పడుకున్నారు. ఇక మిగిలింది మీరే.

మా బేస్‌మెంట్ సైన్యం, అదే మా ఆయన పోగేసిన సిపాయి బొమ్మల సంగతి, మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. ఆకులు రంగు మారే వేళకి ఈయనకి షికాగో టాయ్ సోల్జర్ షో పూనకం వస్తుంది, నేను చిన్నోడి టెన్నిస్ క్లాసు అడ్డం పెట్టుకుని తప్పించుకుంటాను. ఈసారి వాడికి డ్రైవింగ్ లైసెన్సు వచ్చేసింది. నాకు వంక లేకుండా పోయింది.

పెద్ద హాల్లో బల్లలు వేసి అమ్మే అసలు షో ఆదివారం. పిచ్చి ముదిరినవాళ్ళు మాత్రం ముందే దిగిపోతారు. అమ్మేవాళ్ళు హోటల్లో ఏ గదిలో దిగితే ఆ గదే కొట్టు. తలుపులు బార్లా తీసి ఉంటాయి. మంచం మీద దుప్పటి కనపడదు, అంతా సైన్యమే. ఒకచోట దిండ్ల మధ్య నెపోలియన్ గుర్రపు దళం, టీవీ కింద రోమన్లు, ఇస్త్రీ బల్ల మీద రెండో ప్రపంచ యుద్ధం. ముక్కూ మొహం తెలియనివాళ్ళ పడగ్గదిలో దూరి మంచం మీదకి వంగి చూడటం మొదట్లో చచ్చేంత మొహమాటంగా ఉంది. కాసేపటికి అదీ పోయింది. నన్ను చూడగానే ఎవరో ఒకరు "బెంగాల్ లాన్సర్స్ కావాలా? ఆ చివరి గదిలో ఉన్నాయి" అని మన దేశపు ఈటెల గుర్రపు దళం బొమ్మల వైపు దారి చూపించడం మటుకు పోలేదు. నేనేమైనా అడిగానా?

నచ్చినవి లేకపోలేదు. 1930ల్లో ఇక్కడి చిల్లర కొట్లలో అయిదేసి సెంట్లకి అమ్మిన బార్క్లే, మనోయిల్ కంపెనీల సిపాయిలు ఒక బల్ల నిండా ఉన్నారు. అందులో ఒకడు కూర్చుని బంగాళాదుంపలు చెక్కు తీస్తున్నాడు, ఇంకొకడు ఇంటికి ఉత్తరం రాసుకుంటున్నాడు. యుద్ధం బొమ్మల్లో నాకు తెలిసిన మనుషులు కనపడింది అక్కడే.

ఇక అసలు గొడవకి వస్తా. మా ఆయన ప్రాణం బ్రిటన్స్ కంపెనీ సీసం బొమ్మల మీద. కారులో దారి పొడుగునా అదే పాఠం. అంతకు ముందు జర్మన్లు లోపల డొల్ల లేకుండా నిండు సీసంతో బొమ్మలు పోసేవారు, బరువూ ఎక్కువే, ధరా ఎక్కువే. 1893లో లండన్‌లో విలియం బ్రిటన్ జూనియర్ అనే ఆయన బోలు పోత కనిపెట్టాడు. కరిగిన లోహం అచ్చులో పోసి వెంటనే వంపేస్తే, అచ్చు గోడలకి అంటుకున్నంత మేర పాల మీద మీగడలా గట్టిపడి మిగిలినదంతా బయటికి వచ్చేస్తుంది. లోపల డొల్ల. సీసం కలిసొచ్చింది, ధర దిగింది, జర్మన్ల వ్యాపారానికి గండి పడింది. బొమ్మ ఎత్తు 54 మిల్లీమీటర్లు. అక్కణ్ణించి 1966 దాకా, అంటే సీసం బొమ్మలు పోయడం ఆపేసేదాకా, ఇంగ్లండులో మగపిల్లల జేబుల్లో ఇవే.

జేబుల్లో అన్నానా? ఇక్కడ ధర పలికేవి జేబులోకి వెళ్ళనివి. ఎర్ర అట్టపెట్టెలో, లోపలి అట్టకి దారంతో కట్టేసి వచ్చేవి ఇవి. ఆ దారం తెగకపోతే ఒక ధర, తెగితే ఒక ధర. అంటే వందేళ్ళ కిందట ఏ పిల్లాడికో పుట్టినరోజుకి ఎవరో కొనిచ్చారు, వాడు కనీసం దారం కూడా విప్పలేదు. ఎందుకు విప్పలేదు? జ్వరమొచ్చిందా, నాన్న తిడతాడనా, అసలు వాడికి ఇష్టం లేదా? ఇవేవీ అక్కడ ఎవరికీ పట్టవు. "ఒరిజినల్ స్ట్రింగింగ్" అని ఒకాయన నా మొహం ముందు పెట్టె తిప్పి చూపిస్తుంటే మా ఆయన ఊపిరి బిగబట్టారు. మా చిన్నోడు పుట్టినప్పుడు కూడా ఆ మొహం చూళ్ళేదు నేను. ఆడుకోని బొమ్మకి ఇంత గౌరవమేమిటని ఒళ్ళు మండింది.

అదే గదిలో మంచం కింద ఒక షూ డబ్బా ఉంది. దాన్నిండా విరిగినవి. కాళ్ళు లేని గుర్రాలు, చేతులు ఊడిన సిపాయిలు, విడిగా తలకాయలు. ఏది తీసుకున్నా రెండు డాలర్లు. అందులో ఒక బ్యాండువాడు దొరికాడు. ఎర్రకోటు సగం పెచ్చులూడింది, ట్రాంబోన్ పట్టుకున్న చెయ్యి మటుకు ఇంకా భుజం దగ్గర పైకీ కిందకీ కదులుతోంది. తల కొంచెం పక్కకి ఉంది. మెల్లిగా పట్టుకుంటే పైకి లేచింది. లోపల అగ్గిపుల్ల.

మా అమ్మమ్మ గుర్తొచ్చింది. ఇది మీకు ఎప్పుడూ చెప్పలేదనుకుంటా.

తాతయ్య వాల్తేరులో రైల్వే గుమాస్తా. స్వతంత్రం వచ్చాక ఊరు విడిచి వెళ్ళిపోతున్న దొర ఒకాయన ఇంట్లో సామాను పంచేస్తూ పిల్లల బొమ్మల డబ్బా తాతయ్య చేతిలో పెట్టాడట. మేం పుట్టేసరికి అందులో మిగిలింది ఒక్కడే, కొమ్ము ఊదే బ్యాండువాడు. అమ్మమ్మ వాణ్ణి సంక్రాంతి బొమ్మల కొలువులో పెట్టేది. పై మెట్టు మీద రాములవారి పట్టాభిషేకం, కింద కొండపల్లి దశావతారాలు, ఆ కింద పెళ్ళి ఊరేగింపు. ఊరేగింపులో సన్నాయి ఊదే మట్టి బొమ్మ ఎప్పుడో పగిలిపోయింది. వాడి జాగాలో ఈ దొర. డోలువాడి పక్కన ఎర్రకోటు వేసుకుని, చూపుడువేలంత కూడా లేనివాడు, పల్లకీ ముందు నడిచేవాడు. పేరంటానికి వచ్చినవాళ్ళంతా వాణ్ణి చూసి నవ్వేవారు. "మా పెళ్ళికి బ్యాండు మేళం వైజాగు నుంచి పిలిపించాం" అనేది అమ్మమ్మ, శనగలు చేతిలో పోస్తూ.

ఒక ఏడు పెద్ద మావయ్య కొడుకు వాడి తల ఊడగొట్టాడు. ఇంట్లో పెద్ద రభస. అమ్మమ్మ ఎవర్నీ ఏమీ అనలేదు. దీపం దగ్గర కూర్చుని అగ్గిపుల్ల మందు గిల్లేసి, ఒక కొస మెడలోకి దించి, రెండో కొస మీద తల గుచ్చి, చుట్టూ కాస్త లక్క అంటించింది. అతుకు కనపడకుండా జాకెట్టు గుడ్డ పేలిక ఒకటి మెడకి చుట్టింది. ఎవరైనా అడిగితే సంక్రాంతి చలికి మఫ్లరు వేసుకున్నాడని చెప్పేది.

బోలు పోత కాబట్టి పుల్ల దిగింది! ఇన్నేళ్ళూ అది మా అమ్మమ్మ తెలివనుకున్నాను. ఇంగ్లండు పిల్లలంతా చేసే వైద్యం ఇదేనట, బొమ్మలు పోగేసేవాళ్ళు "మ్యాచ్‌స్టిక్ రిపేర్" అంటారు, ఆ మాట రాగానే ధర పడిపోతుంది. కాసేపు చిన్నబుచ్చుకున్నాను. ఆవిణ్ణి అడిగితే "వాళ్ళకీ తోచిందా, మంచిదే" అని ఉండేది.

సరే, ఇంతసేపూ ఆ పెట్టెల మనుషుల్ని ఆడిపోసుకున్నాను కదా. కొలువు గురించి రాస్తుంటే ఇంకోటి గుర్తొస్తోంది. మమ్మల్ని ముట్టుకోనిచ్చేదా అమ్మమ్మ? వేలు చాపితే చాలు, చురుక్కున ఒక్కటి పడేది. ఏడాదంతా ఆ బొమ్మలు పాత పంచె ముక్కల్లో చుట్టి ట్రంకుపెట్టెలో, తాళం బొడ్డున. పండక్కి నాలుగు రోజులు బయటికి, మళ్ళీ లోపలికి. ఏ పిల్లా వాటితో ఆడుకున్నది లేదు. మావయ్య కొడుకు ఆడబోతేనే కదా తల ఊడింది! అలా చూస్తే దారం విప్పనివాళ్ళకీ ఆవిడకీ తేడా ఏముంది? ముట్టుకోనివ్వనిదే ఏదీ అన్నేళ్ళు మిగలదేమో. మా ఆయన ఊపిరి బిగబట్టడం కూడా నేను అనుకున్నంత విడ్డూరమేమీ కాదేమో.

కానీ ఆవిడ పార్టుల డబ్బాలో పడెయ్యలేదు. అక్కడ మాత్రం నా మాట మారదు.

ఇంతా చేసి, నేను అడగని బెంగాల్ లాన్సర్స్ ఉన్న ఆ చివరి గదికీ వెళ్ళాను. లాన్సర్ల పక్కనే మద్రాస్ నేటివ్ ఇన్‌ఫంట్రీ, అంటే మద్రాసు సైన్యపు కాలిబలం, తలపాగాలతో వరసగా. 1890ల్లో వచ్చిన బొమ్మలు. మద్రాసు సైన్యంలో మన గంజాం, విశాఖ, గోదావరి జిల్లాల వాళ్ళు ఎందరో పనిచేశారు. 1880ల్లో మద్రాసు సేనాధిపతిగా ఉండి, తర్వాత మొత్తం దేశానికి సేనాధిపతి అయిన రాబర్ట్స్ దొరకి దక్షిణాదివాళ్ళు యుద్ధానికి పనికిరారని గట్టి నమ్మకం. పంజాబీలనీ గూర్ఖాలనీ పెంచుతూ మనవాళ్ళ పటాలాలు తగ్గించుకుంటూ పోయారు. అక్కడ అసలు సిపాయిల్ని వద్దనే కాలంలోనే లండన్‌లో వాళ్ళ బొమ్మలు పోసి పెట్టెల్లో కట్టి అమ్మారన్నమాట. అది చెబితే గది యజమాని "ఇంటరెస్టింగ్" అని, దారం ఒరిజినలే అన్నాడు. ధర అడిగి నోరు మూసుకుని వచ్చేశాను.

బ్యాండువాణ్ణి కొన్నాను, రెండు డాలర్లిచ్చి. "పెయింట్ తీసేసి కొత్త తల పెడితే బావుంటుంది, తలలు విడిగా అమ్ముతారు" అని మా ఆయన కారులో మొదలెట్టారు. "మీ వాటి జోలికి నేను రాను, నా వాడి జోలికి మీరు రాకండి" అన్నాను. ప్రస్తుతం వంటింటి కిటికీలో ఉన్నాడు. సీసం కదా, ముట్టుకున్నాక చేతులు కడుక్కోమని చిన్నోడికి చెప్పాను.

ఆ పార్టుల మనిషి డబ్బులు తీసుకుంటూ ఒక మంచి మాట కూడా చెప్పాడు, న్యాయంగా అదీ రాయాలి. సీసం బొమ్మల్ని ఓక్ చెక్క బీరువాలో పెట్టకూడదట. ఆ చెక్క నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి సీసం తినేసుకుపోయి బూడిదరంగు పొడి అవుతుందట, మూసిన తలుపులైతే మరీనట. అప్పుడు మా ఆయన పక్క గదిలో ఉన్నారు, వినలేదు.

మేం పోయిన ఏడు కొన్న అద్దాల బీరువా ఏ చెక్కో, దానికి ఎంత తగలేశామో మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. ఇప్పుడు లేపి చెబితే సైన్యం మొత్తాన్నీ అర్ధరాత్రి డైనింగ్ టేబుల్ మీదకి ఎక్కిస్తారు. రేపు మధ్యాహ్నం మా తోటికోడలు వాళ్ళు భోజనానికి వస్తున్నారు. వాళ్ళు వెళ్ళాక చెబుతాను.