గుడ్లకు కంచె వేశాం, తల్లి సంగతేంటి?

సంక్రాంతి దాటిందంటే నెల్లూరు జిల్లా మైపాడు తీరానికి చచ్చిన తాబేళ్లు కొట్టుకొస్తుంటాయి. చూసినప్పుడల్లా నాకు కడుపులో దేవినట్టుంటుంది. చాలావరకు పెద్దవే, ఒంటి మీద గాయం కూడా కనపడదు.

ఇవి ఆలివ్ రిడ్లే జాతి సముద్రపు తాబేళ్లు. ఈ తాబేలు నీళ్ళలో ఉన్నా గాలి పీల్చుకోవడానికి పైకి రావాల్సిందే. మరబోటు వలలో చిక్కిందంటే, ఆ వలను గంటల తరబడి ఈడుస్తారు కాబట్టి, ఊపిరాడక చచ్చిపోతుంది. గుడ్లు పెట్టడానికి అవి ఒడ్డుకు చేరేది ముఖ్యంగా జనవరి నుంచి మార్చి దాకా. వేట నిషేధమేమో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, చేపల కోసం పెట్టింది. అప్పటికి తాబేళ్లకు జరగాల్సిన నష్టం జరిగిపోయి ఉంటుంది.

గుడ్ల సంరక్షణ బాగానే సాగుతోంది. నేనూ రాత్రిపూట గుడ్లు ఏరడానికి వెళ్తుంటాను. గూటికి వంద దాకా ఉంటాయి. కుక్కలు, నక్కలు తవ్వెయ్యకముందే తెచ్చి, తల్లి తవ్వినంత లోతులోనే హేచరీలో, అంటే గుడ్లు పొదగడానికి కంచె వేసిన ఇసుకలో, పూడ్చాలి. పిల్లలు బయటికి రావడానికి 45 నుంచి 60 రోజులు. ఇసుక బాగా వేడెక్కితే అన్నీ ఆడపిల్లలే పుడతాయి, అందుకే నీడ కూడా చూసుకోవాలి.

కానీ వెయ్యి పిల్లల్ని వదిలితే పెద్దయ్యేది ఏ ఒకటో రెండో. అవైనా గుడ్లు పెట్టే వయసుకు రావడానికి పదేళ్ళ పైనే పడుతుంది. కవళ్ళ లాంటి చిన్న చేపలు ఏడాదికే గుడ్లు పెడతాయి, పట్టినా మళ్ళీ పెరుగుతాయి. తాబేలుకు ఆ లెక్క కుదరదు. అన్ని గండాలూ దాటి గుడ్లు పెట్టడానికొచ్చిన తల్లిని పోగొట్టుకుంటే, ఆ లోటును హేచరీ పూడ్చలేదు.

వలలో ఏటవాలుగా కమ్మీల చట్రం ఒకటి బిగిస్తే చాలు. రొయ్యలు, చేపలు సందుల్లోంచి లోపలికి పోతాయి, తాబేలు పక్కనున్న కంతలోంచి బయటపడుతుంది. దాన్నే టెడ్ అంటారు. మరబోటు పనికెళ్ళే మా మామను అడిగాను.

“డీజిల్ రేటు చూశావా అబ్బయా? ఆ కంతలో నుంచి పోయే చేపలకు డబ్బులు ఎవరిస్తారు?”

మామ అడిగింది న్యాయం. ఆ డబ్బులు ప్రభుత్వమే ఇవ్వాలి. నిషేధం రోజులకు భృతి ఇస్తున్నప్పుడు, టెడ్ బిగించిన బోటుకు తాబేళ్లు ఒడ్డుకొచ్చే ఆ మూడు నెలలూ ఎందుకివ్వకూడదు? ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపు మరబోట్లు వేటాడకూడదని చట్టం ఎలాగూ ఉంది. జనవరిలో గస్తీ పెంచితే మా చిన్న పడవల వాళ్ళ వలలూ తెగకుండా ఉంటాయి. ఈ రెండూ రాసి, ఊళ్ళో కాపుల (మా మత్స్యకార పెద్దల) చేత సంతకాలు పెట్టిస్తున్నాను. సీజన్ మొదలయ్యేలోపు కలెక్టరుకు ఇవ్వాలి.