బీచ్ పార్కు బదలాయింపుపై నా అభ్యంతరం

విశాఖలో మా ఇంటికి దగ్గరగా, బీచ్ రోడ్డుకు సముద్రం వైపున ఉన్న చిన్న పార్కును పర్యాటక ప్రాజెక్టుకు బదలాయించే ఆలోచన ఉందని తెలిసి, ఈ సోమవారం అర్జీ రాసుకుని సంబంధిత కార్యాలయానికి వెళ్లాను. "ఖాళీ స్థలమే కదమ్మా" అన్నారు అక్కడి ఉద్యోగి. ఆ మాట నన్ను చాలా బాధించింది.

మోకాళ్ల శస్త్రచికిత్స తరువాత మా నాన్నగారు మళ్లీ నడక నేర్చుకున్నది ఆ సరుగుడు చెట్ల కిందనే. సాయంత్రం మురీ మిక్స్చర్ అమ్మేవారు, వలలు బాగుచేసుకునే జాలరులు, టికెట్టు కొనలేని పిల్లలు అందరూ అక్కడికే వస్తారు. చలికాలంలో గుడ్లు పెట్టడానికి ఈ తీరానికి వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్ల పిల్లలు వెలుతురును బట్టి సముద్రం వైపు దారి వెతుక్కుంటాయి కనుక, రాత్రంతా వెలిగే హోటల్ దీపాలు వాటిని దారి తప్పిస్తాయి.

పార్కు కోసం ఉంచిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు ఇవ్వడం చెల్లదని 1991లో బెంగళూరు కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. సముద్రతీరం వంటి సహజ వనరులకు ప్రభుత్వం ధర్మకర్త మాత్రమేనని 1996లో కమల్‌నాథ్ కేసులో స్పష్టం చేసింది. ఈ రెండింటినీ అర్జీలో రాశాను. పర్యాటకానికి నేను వ్యతిరేకిని కాను. హోటళ్లు రోడ్డుకు ఇవతల కట్టుకోవచ్చు.

రశీదు ఇచ్చారు. వచ్చే సోమవారం మా వీధివారి సంతకాలతో మళ్లీ వెళుతున్నాను.