వగరు గింజ, ఆదివారం మాత్ర

మార్చి, ఆదివారం రాత్రి

అత్తయ్యకు ఆదివారం మాత్ర రోజు. రుమటాయిడ్ కీళ్లవాతానికి వారానికోసారి వేసుకునేది. టిఫినయ్యాక నీళ్లు తెచ్చిస్తే గ్లాసు పక్కన పెట్టేశారు. "పక్కింటావిడ ద్రాక్షగింజల క్యాప్సూల్స్ ఇచ్చిందమ్మా. వాపులన్నీ లాగేస్తాయట. ఇది మానేసి అవి వేసుకోనా?" అన్నారు. ఆవిడ మధ్యవేలి కణుపు ఇంకా ఉబ్బే ఉంది. నాకు టెన్షన్ పట్టుకుంది.

"ముందు మాత్ర వేసుకోండి అత్తయ్యా, ఆ డబ్బా సంగతి సాయంత్రం చూద్దాం" అన్నాను. వేసుకున్నారు.

మధ్యాహ్నం రైతుబజారులో గింజలున్న నల్లద్రాక్ష దొరికింది. ఇంటికొచ్చి కడిగి, ఒక గింజ మెల్లగా నమిలాను. ముందు ఏమీ తెలియలేదు, తర్వాత వగరు. నాలుక బిరుసెక్కి అంగిలికి అంటుకుపోయింది. గింజలోని టానిన్లు లాలాజలంలోని ప్రోటీన్లను పట్టేసుకుంటాయి, అందుకే నోరంతా అలా ఆరిపోతుంది. ఈ టానిన్లు పాలీఫినాల్సే, అంటే మొక్కల్లో సహజంగా ఉండే ఒక రకం రసాయనాలు. తొక్కకు నల్లరంగునిచ్చే ఆంథోసయానిన్లూ అంతే. రెస్వెరట్రాల్ అనే మరో పాలీఫినాల్ కూడా తొక్కలోనే ఎక్కువ, బూజు తెగులు సోకితే తీగ తనను కాపాడుకోవడానికి తయారుచేసుకుంటుంది. గుజ్జులో ఇవి బాగా తక్కువ. తొక్క ఊసేసేవాళ్లను చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది నాకు.

పక్కింటావిడ మాట పూర్తిగా గాలికబురేం కాదు. ప్రయోగశాలలో కణాల మీద వేసి చూస్తే ఈ పదార్థాలు కణంలో వాపును రేపే ఎన్‌ఎఫ్-కప్పా-బి అనే మార్గాన్ని అణిచేస్తాయి, దాంతో టీఎన్‌ఎఫ్, ఐఎల్-6 లాంటి వాపు సంకేతాలు తగ్గుతాయి. అత్తయ్య కీళ్లలో మంట రగిలిస్తున్నవీ ఆ సంకేతాలే. అందుకే ఆశ పుడుతుంది. నాకూ పుట్టింది.

కానీ మనం మింగిన రెస్వెరట్రాల్ పేగు, కాలేయం దాటేసరికి దాదాపు అంతా రూపం మారిపోతుంది. అసలు రూపంలో రక్తంలోకి చేరేది అతి కొద్ది. ఇటలీలోని కియాంటీ ప్రాంతంలో 65 ఏళ్లు దాటిన 783 మందిని తొమ్మిదేళ్లు గమనించారు. వాళ్ల మూత్రంలో రెస్వెరట్రాల్ ఆనవాళ్లు కొలిచి చూస్తే, ఎక్కువున్నవాళ్లకూ తక్కువున్నవాళ్లకూ ఆయుష్షులో గానీ, గుండెజబ్బులో గానీ, ఇన్‌ఫ్లమేషన్ (ఒంట్లో వాపు) సూచికల్లో గానీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. 2014లో వచ్చిన ఫలితం ఇది. ద్రాక్షగింజల సారంతో కొన్ని పరీక్షల్లో బీపీ కాస్త తగ్గిన మాట నిజమే, ఒంట్లో వాపు ఎంతుందో రక్తపరీక్షలో చెప్పే సీఆర్‌పీ విషయంలో మాత్రం ఫలితాలు ఒక్కతీరుగా లేవు. కీలు అరిగిపోకుండా ఆపే మందును మానుకోవడానికి ఇది చాలదు. రక్తం పలచబరిచే మాత్రలు వాడేవాళ్లయితే ఇలాంటి క్యాప్సూల్స్ డాక్టర్ని అడక్కుండా ముట్టుకోనే కూడదు.

సాయంత్రం ఇదంతా అత్తయ్యకు చెప్పాను. ఓపిగ్గా విని, "మరి పండు తినొచ్చా?" అని అడిగారు.

"తినండి, తొక్కతో, గింజతో. కాకపోతే షుగరుంది కదా, గుప్పెడే. జ్యూస్ వద్దు."

గింజ నమిలి ముఖం చిట్లించారు, అయినా ఉమ్మలేదు. డబ్బా మీదున్న వివరాలు ఫోన్లో ఫొటో తీసుకున్నాను. గురువారం సీఆర్‌పీ రిపోర్టుతో పాటు డాక్టరుగారికి చూపించాలి. అప్పటిదాకా దాన్ని తెరవనని అత్తయ్య మాటిచ్చారు.