నా రూంబాయ్‌ని నాకే అమ్మజూపారు

నిన్న మధ్యాహ్నమే కాగితం చేతికొచ్చింది. కడుపులో మంట చల్లారకముందే రాసేస్తున్నా.

తిరుపతి రైల్వేస్టేషన్ ఎదురుగా ఒక లాడ్జి. పిసినారి మేనేజరు, అబద్ధమాడకుండా ఐదు నిమిషాలుండలేని రూంబాయ్. 2016లో ఒక చానల్‌కు వీళ్లిద్దరి మీద కామెడీ సీరియల్ మొదలుపెట్టి 78 ఎపిసోడ్లు రాశాను. దాన్నే సినిమా తీద్దామని చిత్తూరులో మామిడి గుజ్జు వ్యాపారం చేసే మా బావ ముందుకొచ్చాడు. డబ్బు సంగతి ఒక్క రాత్రిలో తేలిపోయింది. బావ కాబట్టి తేలింది, మీకూ తేలుతుందని నేను చెప్పను.

కథ మూడు నెలలు ఏడిపించింది. సీరియల్లో ఎంత గందరగోళం జరిగినా ఇరవై రెండో నిమిషానికి అందరూ మొదటికి రావాల. మేనేజరు మారిపోతే వచ్చేవారం ఏం చూపిస్తాం? సినిమాలో మారకపోతే టికెట్ కొన్నోడు ఊరుకోడు. ఆరు ఎపిసోడ్లు కలిపి కుట్టి చూశా, అతుకులన్నీ కనబడినాయి. అందుకేనేమో పెద్దపెద్దోళ్లు కూడా పాత్రలను ఊరు దాటిస్తారు. మిస్టర్ బీన్‌ను 1997లో అమెరికాకు పంపించారు, మన అమృతం వాళ్లను 2014లో ఏకంగా చంద్రుడి మీదికే. నేను మాత్రం లాడ్జినే అమ్మకానికి పెట్టేశా. ఇద్దరికీ పోగొట్టుకునేది ఒకటి దొరికింది, కథ పరుగెత్తింది. ఈ ఉపాయం నాదే, ఎవరూ చెప్పలేదు. కోతి సీను ఒకటుండేది. సినిమాలో కోతిని ఆడించకూడదంటే కొట్టేశా.

ఇక అసలు భాగోతం. చానల్ నుంచి నిరభ్యంతర పత్రం తెమ్మన్నాడు బావ. నారాయణాద్రి ఎక్కి హైదరాబాదు పోయినా. రిసెప్షన్లో రెండు గంటలు కూర్చోబెట్టారు. అప్పటి వాళ్లు ఒక్కరూ లేరు. ఒక కుర్రాడు కంప్యూటర్ చూసి, "రచయిత సంతకంతో లెటర్ తీసుకురండి సార్" అన్నాడు.

"నేనే బాబూ రచయితను."

"ప్రూఫ్ ఏదైనా ఉందా?"

టైటిల్స్‌లో నా పేరు 'మాటల సహకారం' కింద ఒక్క సెకను పడేది. 78 ఎపిసోడ్లు రాసినోడిది సహకారమా అబ్బా! ఆ రోజే అడగాల్సింది, మొహమాటపడినా. ఆధార్ తీసి చూపించా.

"ఇందులో రచయిత అని లేదు కదా సార్."

వెనక సీట్లలో ఇద్దరు పకపకా నవ్వారు. నేను రాసిన ఏ జోకుకూ ఆ ఆఫీసులో అంత నవ్వు రాలేదు.

మూడుసార్లు తిప్పారు. మూడోసారి ఇంకొకాయన బయటికొచ్చి, "రూంబాయ్ పాత్ర మాదండీ, కావాలంటే కొనుక్కోండి" అని ఒక అంకె చెప్పాడు. ఆ అంకె చెబితే బావ గుండె ఆగుతుంది. రైల్లో రాత్రంతా నిద్ర లేదు. రూంబాయ్ మాటాడే ప్రతి మాటా మా మేనమామది. మా మామను నాకే అమ్ముతారంట!

తిరుపతి కోర్టులో ప్రాక్టీసు చేసే ఒక లాయరమ్మ దగ్గరికి పోయినా. ఆమె మొదట అడిగింది ఒకటే. "నెల జీతమా, ఎపిసోడుకు ఇంతనా?"

"ఎపిసోడుకు ఇంతని మేడం."

"బతికిపోయినావు. జీతగాడివైతే రాసిందంతా వాళ్లదే అయ్యుండేది. అగ్రిమెంటు తీసుకురా."

చదవకుండా సంతకం పెట్టిన ఆ స్టాంపు పేపరు ట్రంకుపెట్టెలో పెళ్లిపత్రికల కింద దొరికింది. లాయరమ్మ రెండుసార్లు తిరగేసింది. హక్కులు రాసిచ్చినట్టుంది గానీ ఎన్నేళ్లకో ఎక్కడా లేదు. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం గడువు రాయకపోతే అది ఐదేళ్లే. అంటే 2021తోనే సరి! నేను చదవకుండా సంతకం పెడితే, వాళ్లు చూసుకోకుండా రాసినారు. అయితే తీసిన ఎపిసోడ్లు వాళ్లవి, అందులో ముక్క కూడా వాడొద్దు, సీరియల్ పేరు జోలికి పోవద్దు అని గట్టిగా చెప్పింది. పేరు మార్చేశా. కొత్త పేరే బాగుంది, నిజానికి.

ఆమె నోటీసు పంపిన మూడు వారాలకు జవాబొచ్చింది, అభ్యంతరం లేదని. నాలుగు లైన్లు. పైన నా పేరు, దాని కింద 'రచయిత' అని వాళ్లే టైపు చేసినారు. నేరుగా లీలామహల్ సర్కిల్‌కు పోయి లామినేషన్ చేయించినా. ఆధార్ పక్కనే పెట్టుకున్నా.